బహుమతి లేని హ్యాకథాన్ ఎవరికి కావాలి?

హైదరాబాదు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల మీదుగా వెళ్తుంటే ఏడాదిలో ఏదో ఒక నెలలో హ్యాకథాన్ ఫ్లెక్సీ కనపడి తీరుతుంది. హ్యాకథాన్ అంటే మన దగ్గర గంటల లెక్కన కూర్చుని సాఫ్ట్‌వేర్ తయారుచేసే పోటీ. పైన పెద్ద అంకెల్లో 24 గంటలు, లేదా 36 గంటలు. దాని కింద ఇంకా పెద్ద అంకెల్లో ప్రైజు మనీ. ఓ మూల చైర్మన్ గారి ఫొటో, ఇంకో మూల స్పాన్సర్ల లోగోలు. ఈ ఫ్లెక్సీల మీద నాకేం కక్ష లేదు. పిల్లలు ఒక రాత్రి నిద్ర మానేసి, పిజ్జాలు తిని, నలుగురూ కలిసి ఏదో ఒకటి తయారుచేయడం మంచిదే. నేను అడిగేది ఒక్కటే. గత పదేళ్లలో ఈ పోటీల్లో మొదటి బహుమతి కొట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఇవాళ మీ ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో ఉన్నది ఒక్కటి చెప్పండి చూద్దాం.

నాకైతే తట్టలేదు. అలాంటి పోటీలకు జడ్జిగా వెళ్లి కూర్చున్నవాణ్ణే, అయినా తట్టలేదు. ఒకచోట (కాలేజీ పేరు ఎందుకులెండి) ఫొటో చూసి పంట తెగులు చెప్పే యాప్‌కి ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు. మిరపాకు ఫొటో పెడితే తెగులు పేరు టక్కున చెప్పేసింది. ఎందుకో అనుమానం వచ్చి, టేబుల్ మీదున్న నా కాఫీ కప్పు ఫొటో పెట్టమన్నాను. కప్పుకి కూడా ఆకుముడతేనట. నేను మార్కులు తగ్గించాను కానీ మిగతా జడ్జీలకు స్లైడ్లు నచ్చాయి. ఆ కుర్రాళ్లను తప్పు పట్టలేను. ఒక్క రాత్రిలో గెలవాలంటే అలాగే చేయాలి మరి, ఆట అలా పెట్టారు.

మన దగ్గర కోడ్ రాసేవాళ్లకు కొదవ లేదు. ఎప్పుడో ఎవరో రాసిన కోడ్‌ని ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్నవాళ్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చునే చోటే లేదు. అలాంటి చోటు ఎలా ఉంటుందో 2023 సెప్టెంబరులో కొచ్చి వెళ్లాక తెలిసింది. అప్పటినుంచీ ఈ ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నాకు ఏదో ఒకటి అనాలనిపిస్తోంది. అదే ఇది.

కొచ్చిలో జరిగింది డెబ్‌కాన్ఫ్. డెబియన్ డెవలపర్ల వార్షిక సమావేశం. డెబియన్ పేరు వినకపోయినా ఉబుంటు వాడి ఉంటారు, అది డెబియన్ నుంచి పుట్టిందే. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ వెనక కంపెనీ లేదు, సీఈఓ లేడు. కొచ్చి సమావేశానికి కొన్ని నెలల ముందు విడుదలైన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూటలు, ఉన్నాయి. ఒక్కో ప్యాకేజీకీ ఎవరో ఒక మనిషో, ఓ చిన్న జట్టో బాధ్యులు. ఎక్కువమంది జీతం లేకుండా, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చేసేవాళ్లే. 2000లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలైన ఈ సమావేశం ఒక్కో ఏడు ఒక్కో దేశం తిరుగుతూ ఇండియాకి రావడం అదే మొదటిసారి. కాక్కనాడ్‌లో ఇన్ఫోపార్క్ దగ్గర, 35 దేశాల నుంచి 470 మందికి పైగా వచ్చారు.

సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక పగలూ ఒక రాత్రీ దాటాక ఎర్నాకుళంలో దింపుతుంది. విదేశాల్లో జరిగే సమావేశాలకు వీసా దొరుకుతుందో లేదో అని కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే మనలాంటివాళ్లకు స్లీపర్ టికెట్‌తో అందుబాటులోకి రావడమే పెద్ద విషయం. అసలు సమావేశానికి ముందు వారం డెబ్‌క్యాంప్ అని ఒకటుంటుంది. అందులో ప్రసంగాలుండవు. వచ్చినవాళ్లు కూర్చుని పని చేసుకుంటారు, అంతే.

ఆ పనిచేసుకునే హాలుని హ్యాక్‌ల్యాబ్ అంటారు. మొదట అడుగుపెట్టినప్పుడు నిరాశపడ్డానని చెప్పాలి. పొడుగు బల్లలు, నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఎవరి స్క్రీన్లోకి వాళ్లు. ఎవరూ ఎవరికీ ఏమీ ప్రజెంట్ చేయట్లేదు. కౌంట్‌డౌన్ గడియారం లేదు. మైకు పట్టుకుని "ఆర్ యూ రెడీ" అని అరిచే యాంకర్ అసలే లేడు. తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన ఇరవై ఏళ్ల కిందటి బగ్ రిపోర్టు (సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని ఎవరో పంపిన ఫిర్యాదు) తెరిచి, దాన్ని రాసిన మనిషి రెండు బల్లల అవతలే ఉన్నాడని తెలిసి, లేచి వెళ్లి "ఇది ఇంకా వస్తోందా?" అని అడగడం చూశాను. ఆయన కాసేపు గుర్తు తెచ్చుకుని "ఆ కంప్యూటరే లేదిప్పుడు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. బగ్ మూసేశారు. ఇది ఈమెయిల్లో జరిగేది కాదు.

నేను తీసుకెళ్లిన బగ్ చాలా చిన్నది. ఒక డెస్క్‌టాప్ యాప్‌లో ఫైళ్ల పేర్లు వరసగా చూపించే చోట తెలుగు పేర్ల అడుగుభాగం తెగిపోయేది. "రాష్ట్రం" అని రాస్తే ష కింద టవత్తు సగమే కనపడేది, దాని క్రావడి మాయమయ్యేది. "లక్ష్మి"లో మవత్తు పోయేది. ఎప్పుడో ఈ సంగతి రాసి స్క్రీన్‌షాట్ కూడా జతచేశాను. ఆ యాప్ బాగోగులు చూసుకునే మనిషి, అంటే మెయింటెయినర్, మర్యాదగా జవాబిచ్చాడు: స్క్రీన్‌షాట్ చూశాను, నాకు తేడా ఏమీ తెలియట్లేదు అని. ఆయన జర్మన్. తెలుగు చదవడం రాని మనిషికి ఆ వత్తులు ముగ్గులో చుక్కలతో సమానం. అందులో ఒకటి తగ్గితే ఆయనకెలా తెలుస్తుంది? బగ్ అలాగే ఉండిపోయింది.

ఆయన కొచ్చి వచ్చాడు. భోజనాల దగ్గర మెడలో బ్యాడ్జి చూసి పట్టుకున్నాను. (కేరళ మట్ట రైస్ ఆయనకు తెగ నచ్చింది, నాకేమో మూడోరోజుకే గోంగూర గుర్తొచ్చింది.) లాప్‌టాప్ తెరిచి, ఆయన యాప్‌లోనే ఇంగ్లిష్ పేరున్న ఫైలు ఒకటి చూపించి, జీ, వై అక్షరాల తోకలు కనపడకుండా విజిటింగ్ కార్డు అడ్డం పెట్టాను. "చదవొచ్చు కదా?" అన్నాను. "చదవొచ్చు, కానీ ఘోరంగా ఉంది" అన్నాడు. "మాకు ఘోరంగా ఉండటమే కాదు, మాటే మారిపోతుంది" అని పక్కనే తెలుగు ఫైలు చూపించాను. ఏళ్ల తరబడి ఈమెయిల్లో అర్థం కానిది కార్డు ముక్కతో అర్థమైంది.

ఇద్దరం కోడ్ తెరిచాం. కారణం తొందరగానే దొరికింది. ఒక్కో వరస ఎంత ఎత్తుండాలో యాప్ మొదలైనప్పుడే ఒక్కసారి లెక్కేస్తున్నారు. అది కూడా సిస్టమ్‌లో ఉండే మామూలు ఫాంటు కొలతలతో. ఆ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. తెలుగు పేరు వచ్చినప్పుడు సిస్టమ్ వెతుక్కుని వేరే తెలుగు ఫాంటు తెస్తుంది. వత్తుల కోసం ఆ ఫాంటుకు కింద చోటు ఎక్కువ కావాలి. కానీ ఆ కొత్త ఫాంటుని ఎవరూ అడగలేదు, ఎత్తు ముందే ఖాయమైపోయింది. అక్షరాల అమరిక చూసుకునే పాంగో లైబ్రరీలో, ఫలానా భాషకు సరిపడే కొలతలు చెప్పమని అడిగే సదుపాయం ఉంది. "సిస్టమ్ భాష తెలుగు అయితే తెలుగు కొలతలు తీసుకుందాం, అయిపోతుంది" అన్నాడాయన, సంతోషంగా.

నా సిస్టమ్ భాష ఇంగ్లిష్.

"ఎందుకు? మీరు తెలుగువారు కదా" అన్నాడు, నిజంగానే అర్థం కాక. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. మా వాళ్లలో మెనూలు తెలుగులో పెట్టుకునేవాళ్లు బహు తక్కువ. కంప్యూటరంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అందులో పాటల పేర్లు, పెళ్లి ఫొటోల ఫోల్డర్లు, అమ్మ రాసుకున్న వ్రతకథ, ఇవి మాత్రం తెలుగులో ఉంటాయి. ఒకే వరసలో సగం ఇంగ్లిష్, సగం తెలుగు ఉండటం మాకు మామూలే. ఆయన కాసేపు మాట్లాడలేదు. సిస్టమ్ భాష ఏదైతే మనిషి భాష అదే అనుకుని ఆయన అన్నేళ్లూ రాసుకుంటూ వచ్చాడు. జర్మనీలో అది నిజమే. ఆయన తప్పేమీ లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పే మనిషి అంతవరకూ ఎదురుపడలేదు.

ఈలోగా పక్క బల్ల నుంచి థాయ్‌లాండ్ అమ్మాయి ఒకరు తొంగి చూసి, "మీకు కింద తెగుతుందా, మాకు పైన తెగుతుంది" అంది. థాయ్ లిపిలో అచ్చు గుర్తు మీద, గొంతు ఎత్తాలో దించాలో చెప్పే టోన్ గుర్తు ఇంకోటి కూర్చుంటుంది, దానికి పైన చోటు కావాలి. తన కంప్యూటర్లో సొంతంగా మార్పు చేసుకుని వాడుకుంటోందట. పంపలేదేం అని ఆయన అడిగితే, "మీరు బిజీగా ఉంటారనుకున్నా" అంది. ఆ మాట దగ్గర ముగ్గురం కాసేపు ఆగిపోయాం.

చివరికి తేలింది ఇది. ప్రతి పేరునీ దాని అసలు ఫాంటుతోనే కొలవాలి. కానీ వేల ఫైళ్లున్న ఫోల్డర్లో స్క్రోల్ చేసినప్పుడల్లా కొలిస్తే స్క్రీన్ నత్తనడక నడుస్తుంది. అందుకని ఒకసారి కొలిచింది దాచుకోవాలి, ఎక్కువ ఎత్తున్నది కనపడితే వరసల ఎత్తు పెంచాలి. రాయడానికి పట్టింది తక్కువే, పాడవకుండా చూసుకోవడానికే సాయంత్రమైంది. కమిట్‌లో (ఆ మార్పు నమోదైన చోట) ముగ్గురి పేర్లూ ఉన్నాయి. మార్పు చూస్తే పట్టుమని ఒక పేజీ కూడా లేదు. ఏ హ్యాకథాన్‌లోనూ దీనికి కన్సొలేషన్ ప్రైజ్ కూడా రాదు. స్లైడ్ మీద పెట్టడానికి ఏముంది? "ముందు వత్తు సగం కనపడేది, ఇప్పుడు మొత్తం కనపడుతోంది" అంటే చప్పట్లు ఎవరు కొడతారు?

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. 1999 జూన్ 4న కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు 10 మంది ఒకచోట చేరారు. క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్యంగా మార్చే) కోడ్‌ని అమెరికా నుంచి ఎగుమతి చేయడానికి అప్పట్లో చట్టపరమైన చిక్కులుండేవి. అందుకని ఆ దేశం బయట కూర్చుని పని చేద్దామని కలిశారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరే హ్యాకథాన్. అదే నెల మధ్యలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల జావావన్ సదస్సులో, సన్ తరఫున జాన్ గేజ్ వచ్చినవాళ్లకు ఒక సవాలు విసిరాడు: కొత్తగా వచ్చిన పామ్ ఫైవ్ చేతి కంప్యూటర్ మీద జావాలో ప్రోగ్రాం రాయండి అని. దాన్నీ హ్యాకథాన్ అనే అన్నారు. రెండు వారాల తేడాలో రెండు వేర్వేరు బిడ్డలు, ఒకే పేరు. మొదటిదానికి తమ పని తాము చేసుకోవడమే కారణం. రెండోది ఒక కంపెనీ తన సరుకు మీద జనంతో పని చేయించుకోవడం. మన కాలేజీలకు వచ్చింది రెండోదాని సంతానం. మొదటిదాని సంతానం కొచ్చిలో, ఇంకా అలాంటి కొన్ని చోట్ల బతికి ఉంది.

పోటీ అలవాటు ఓపెన్ సోర్స్‌లోకి, అంటే ఎవరైనా చూసి మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్‌లోకి, వస్తే ఏమవుతుందో 2020 అక్టోబరులో చూశాం. డిజిటల్ ఓషన్ కంపెనీ ఏటా నడిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, నెలలో 4 పుల్ రిక్వెస్టులు (ఈ మార్పు మీ కోడ్‌లో కలుపుకోండి అన్న అభ్యర్థనలు) పంపితే టీషర్టు ఇస్తామన్నారు. మన దేశం నుంచే ఒక యూట్యూబ్ పాఠంలో, రీడ్‌మీ ఫైల్లో (ప్రాజెక్టు గురించి చెప్పే పరిచయ పత్రంలో) ఓ మాట మార్చి ఎలా పంపాలో చూపించారు. ఇక చూడండి. ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో "అమేజింగ్ ప్రాజెక్ట్" అని ఒక లైను కలిపిన రిక్వెస్టులు వరదలా వచ్చిపడ్డాయి. మెయింటెయినర్లు లబోదిబోమన్నారు. నెల మొదలైన మూడో రోజుకల్లా నిర్వాహకులు నియమాలు మార్చి, ఇష్టమని చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. 2023కి టీషర్టులే మానేశారు. 2024 మొదట్లో వెబ్‌సైట్లు కట్టేవాళ్లు వాడే ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్టుకీ ఇదే గతి పట్టింది, ఈసారి రీడ్‌మీలో ఎవరి పేరు వాళ్లు రాసుకోవడం. ఆ పిల్లలను వెక్కిరిస్తూ మీమ్స్ వేశారు కదా, నాకది నచ్చలేదు. వాళ్లకు ఎదురుగా ఒక మెయింటెయినర్ కూర్చుని ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. స్క్రీన్ అవతల ఒక గోడ ఉంది, దాని మీద పేరు రాస్తే టీషర్టు వస్తుంది, వాళ్లకు తెలిసింది అంతే. అదే పిల్లవాణ్ణి ఒక మధ్యాహ్నం ఆ మెయింటెయినర్ పక్కన కూర్చోబెట్టండి, అలాంటి రిక్వెస్టు పంపమన్నా పంపడు. మొహం చెల్లదు.

ఇవన్నీ ఆన్‌లైన్లో చేసుకోవచ్చు కదా, దీనికి రైలెక్కి పోవాలా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. డెబియన్‌కు గుండెకాయలాంటి లైనక్స్ కెర్నెల్ దశాబ్దాలుగా ఈమెయిల్ మీదే నడుస్తోంది. డెబ్‌కాన్ఫ్ కూడా 2020, 2021 సంవత్సరాల్లో ఇళ్లలోంచే జరిగింది. కోడ్ పంపడానికి మనిషి కదలక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరి కోడ్‌ని నమ్మాలి అన్నచోట నాకు 2024 మార్చి 29 గుర్తొస్తుంది.

ఆ రోజు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఒక ఈమెయిల్ పెట్టాడు. డెబియన్ అస్థిర వెర్షన్ మీద తన పని తాను కొలుచుకుంటుంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంలోని కంప్యూటర్లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, తీగ లాగితే డొంకంతా కదిలింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. పెట్టింది జియా టాన్ పేరుతో రెండేళ్లకు పైగా బుద్ధిగా సాయం చేస్తూ, మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, చివరికి విడుదలలు చేసే అధికారం కూడా తెచ్చుకున్న ఖాతా. అసలు మెయింటెయినర్ ఒక్కడే మనిషి, జీతం లేదు. మానసికంగా బాగుండట్లేదని ఒక సందర్భంలో మెయిల్లో చెప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే కొత్త కొత్త ఖాతాల నుంచి "మీకు చేతకాకపోతే వేరేవాళ్లకివ్వండి" అన్న ఒత్తిడి. ఆ ఖాతాలూ ఈ కుట్రలో భాగమేనని చాలామంది నమ్ముతున్నారు. జియా టాన్ మొహం ఎవరూ చూసినట్టు ఇంతవరకూ బయటపడలేదు.

ఎదురుగా కూర్చుని టీ తాగితే దొంగ దొరికిపోతాడని నేననను. మన ఊళ్లలో ఎదురుగా కూర్చుని చీటీల డబ్బు ఎత్తుకుపోయినవాళ్లు తక్కువేం కాదు. నేననేది ఆ మెయింటెయినర్ గురించి. ఆయన పక్కన ఇంకో ఇద్దరు కూర్చుని ఉంటే? "నాకు ఓపిక లేదు" అన్న మాట మెయిల్లో కాకుండా భోజనాల బల్ల దగ్గర అని ఉంటే? కొచ్చిలో నేను విన్న చర్చల్లో సగం కోడ్ గురించి కావు. ఈ ప్యాకేజీ చూసుకునే ఓపిక నాకిక లేదు, నువ్వు తీసుకుంటావా అన్నవి. అలా బాధ్యతలు చేతులు మారడం కళ్లముందే జరిగింది.

డెబియన్ వాళ్లకు ఈ నమ్మకం సంగతి ముందునుంచీ పట్టింపే. డెబియన్ డెవలపర్ కావాలంటే మీ జీపీజీ కీ (పంపింది మీరేనని రుజువు చేసే డిజిటల్ తాళంచెవి) మీద అప్పటికే డెవలపర్లయినవాళ్లు సంతకం చేయాలి. అందుకు మీరు మీరేనని గుర్తింపు కార్డు చూపించాలి, కీ తాలూకు 40 అక్షరాల వేలిముద్ర సరిచూసుకోవాలి. కొచ్చిలో కాఫీ క్యూలో కూడా పాస్‌పోర్టులు చేతులు మారేవి. మన తెలుగువాళ్లకు ఇక్కడొక తమాషా కష్టం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా చివర్న ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ముందు ఉంటుంది, కీలో పేరు ఒక్కటే ఉంటుంది. ఈ ముగ్గురూ ఒక్కడేనని ఒక బ్రెజిల్ ఆయనకు నచ్చజెప్పడానికి నాకు తాతముత్తాతల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయన ఓపిగ్గా విని సంతకం చేశాడు.

చీజ్ అండ్ వైన్ రాత్రని వీళ్లకో ఆనవాయితీ ఉంది, ఎవరి దేశం తిండి వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. నేను పెట్టిన ఆత్రేయపురం పూతరేకులు చూసి ఒకాయన పైన ఉన్న కాగితం తీసేయాలా అని అడిగాడు. అదే అసలు తినాల్సింది అని చెప్పాక ఇంకో రెండు తిన్నాడు.

ఆ వారం అంతా సరదాగానే గడిచిందని రాస్తే అబద్ధం. మధ్యలో డే ట్రిప్ రోజున జరిగిన ప్రమాదంలో మాతో పాటు ఉన్న ఒక యువ డెవలపర్ చనిపోయారు. ఆ తర్వాత హ్యాక్‌ల్యాబ్‌లో చాలాసేపు ఎవరూ లాప్‌టాప్ తెరవలేదు. దాని గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. రాయకుండా దాటేయడం మాత్రం తప్పనిపించింది.

ఇక ఖర్చు. డెబ్‌కాన్ఫ్‌లో దరఖాస్తు పెట్టుకుంటే తిండి, బస, అవసరమైతే ప్రయాణ ఖర్చులకు బర్సరీ ఇస్తారు. ఈ సంగతి తెలియక ఆగిపోయేవాళ్లు మనలో చాలామంది. ఇంగ్లిష్ మాట్లాడటానికి జంకేవాళ్లు ఇంకా ఎక్కువ. కొచ్చిలో వచ్చినవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అంతంతమాత్రమేనని చెబితే నమ్మరు కానీ, అది నిజం. థాయ్ అమ్మాయి, జర్మన్ ఆయన, నేను కలిపి మాట్లాడిన ఇంగ్లిష్‌ని ఏ స్కూల్లోనూ పాస్ చేయరు. స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తే సరిపోయింది.

తెలుగుకి వద్దాం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో "జ్ఞా" అన్న అక్షరం కనపడగానే యాప్‌లు కుప్పకూలిపోయాయి, గుర్తుందా? ఐఓఎస్ 11.2.5లో వచ్చిన బగ్ అది. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్న వారం. కొద్దిరోజుల్లోనే 11.2.6తో ఆపిల్ వాళ్లు సరిచేశారు. ఓపెన్ సోర్స్ అయితే ఎవరైనా సరిచేయగలరు కాబట్టి ఇంకా తొందరగా అయ్యేదని మనవాళ్లు అంటుంటారు. నాకంత నమ్మకం లేదు. ఆపిల్‌ది అద్దె ఇల్లు, పైపు కారితే ఓనరు ప్లంబరును పంపిస్తాడు. మనది సొంతిల్లే, కానీ పైపు కారుతున్నట్టు మనమే ఎవరికీ చెప్పం, రెంచి పట్టడం వచ్చినవాళ్లు మాత్రం వీధికి పదిమంది ఉన్నారు. తలుపు తెరిచి ఉండటం వేరు, లోపలికి వెళ్లడం వేరు.

పని చేసినవాళ్లు లేరని కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులో పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ కోసం విద్యార్థులను పోగుచేసి ఏళ్ల తరబడి పనిచేశారు. పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర విడుదల చేయించిన మండలి, రామభద్ర, గిడుగు, తిమ్మన లాంటి ఫాంట్లు ఇవాళ డెబియన్‌లో ప్యాకేజీలుగా ఉన్నాయి, ఒక్క కమాండుతో వచ్చేస్తాయి. ఎవరో ఒకరు వాటిని ప్యాక్ చేసి, ప్రతి విడుదలకీ సరిచూసి పెడుతున్నారు. ఆ ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు కొట్టించుకున్నవాళ్లం, అందులో ఒక జంట అక్షరం సరిగా కూర్చోకపోతే ఎక్కడ చెప్పాలో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

మన దేశంలో ఈ దారి కొత్తదేమీ కాదు. 2001లో లైనక్స్ బెంగళూరుగా మొదలై తర్వాత ఫాస్ డాట్ ఇన్‌గా మారిన సదస్సు, ప్రసంగాలతో విసిగిపోయి, 2008 ప్రాంతంలో "వర్కౌట్లు" అని పెట్టింది. మాటలు తగ్గించండి, కూర్చుని ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపండి అని. అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు, స్టేజీ ఎక్కే అవకాశం పోయిందని. 2012 తర్వాత ఆ సదస్సు ఆగిపోయింది. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా 2018లో హైదరాబాదులో జరిగినప్పుడు ప్రసంగాల తర్వాత స్ప్రింట్లు (కలిసి కూర్చుని కోడ్ రాసే సమయాలు) పెట్టారు. ఓపెన్ సోర్స్ సంస్థ ఫాస్ యునైటెడ్ వాళ్ల నెలవారీ సమావేశాలు హైదరాబాదులో నడుస్తున్నాయి. ఇవన్నీ ఇష్టమే నాకు. కానీ వీటిలో కూడా మాట్లాడేవాడు ఒకడు, వినేవాళ్లు వందమంది అన్న పద్ధతే ఎక్కువ. స్లైడ్లు అయిపోగానే సమోసా, సెల్ఫీ, క్యాబ్.

అందుకని నేను ఒక కాలేజీకి వెళ్లి రెండు రోజుల కార్యక్రమం అడిగాను. పోటీ కాదు, తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బగ్‌లు ముందేసుకుని కూర్చోవడం. మేనేజ్‌మెంట్‌లో పెద్దాయన శ్రద్ధగానే విన్నారు. విన్నాక అడిగిన మొదటి ప్రశ్న: "ప్రైజు ఎంత పెడదామనుకుంటున్నారు?" లేదన్నాను. "మరి పేపర్లో ఏమని వేయించుకుంటాం?" అన్నారు. ఆయన బాధ ఆయనది, అడ్మిషన్ల సీజన్ దగ్గర పడుతోంది. హాలు దొరకలేదు.

దొరికితే ముందేసుకోవాల్సినవి నా దగ్గర రాసి ఉన్నాయి. ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే అకారాది క్రమం ఏయే యాప్‌లలో తప్పుతోందో చూడాలి. పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే వత్తులు చెల్లాచెదురై బయటికొస్తున్నాయి, అందులో ఫాంటు తప్పెంత, పీడీఎఫ్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ తప్పెంత విడదీయాలి. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో తెలుగు అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, అది ఎందుకంత కష్టమో తెలిసిన ఒక్క మనిషినైనా పిలవాలి. లిబ్రాఫీసులో తెలుగు అక్షరదోషాలు పట్టే నిఘంటువు పక్కన భాష చదివినవాళ్లను కూర్చోబెట్టాలి, ప్రోగ్రామర్లతో అయ్యే పని కాదది. ఎంఏ తెలుగు విద్యార్థి, ఫాంటు గీసే ఆర్టిస్టు, డీటీపీ ఆపరేటర్, సిస్టమ్ ప్రోగ్రామర్, ఈ నలుగురూ ఒకే బల్ల దగ్గర ఉండాలి. డీటీపీ ఆపరేటర్‌ని మర్చిపోవద్దు. తెలుగు ఎక్కడెక్కడ తెగుతుందో ఆయనకు తెలిసినంతగా మన ఎవరికీ తెలియదు, రోజూ చేత్తో అతికేది ఆయనే కాబట్టి.

విజయవాడ, వరంగల్, రాజమండ్రి, ఎక్కడైనా సరే. కావాల్సినవి: పొడుగు బల్లలు, కుర్చీకో ప్లగ్ పాయింటు, మధ్యలో పోని వైఫై, మధ్యాహ్నం అందరికీ ఒకేచోట భోజనం, రాత్రి పదింటికి "ఇక లేవండి" అనని వాచ్‌మన్. స్టేజీ, మైకు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు అక్కర్లేదు. పేపర్లో వేయించుకోవడానికి మాత్రం అప్పటికీ ఏమీ ఉండకపోవచ్చు.